కొత్త కుక్కపిల్లనీ ఇంట్లో ముందునుంచీ ఉన్న జంతువులనీ వదిలి బయటికి వెళ్ళాలంటే

కొత్తగా కుక్కని తెచ్చుకున్నవాళ్ళకి తరచూ వినిపించే సలహా ఒకటుంది: "కలిపి వదిలేయండి, రెండు రోజుల్లో అవే సర్దుకుంటాయి." దయచేసి ఈ మాట వినకండి. సర్దుకున్నట్టు కనిపించే చాలా ఇళ్ళలో నిజంగా జరిగేది వేరు. పిల్లి అలమర మీదికి చేరి కిందికి దిగడం మానేస్తుంది. ముసలి కుక్క నీళ్ళ గిన్నె దగ్గరికి పోవడానికి జంకుతుంది. గొడవ వినిపించడం లేదు కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం.

కొత్త కుక్క నేర్చుకోవలసినవి రెండు. మనుషులు లేని ఇంట్లో బెంగపడకుండా ఉండడం ఒకటి, ఆ ఇంట్లోని మిగతా జంతువుల మధ్య నెమ్మదిగా మెలగడం ఇంకొకటి. రెండూ ఒకేసారి నేర్పబోతే రెండూ చెడతాయి. ఒంటరిగా వదిలేశారని కంగారుపడ్డ కుక్క ఇల్లంతా పరుగులు పెడుతుంది, మొరుగుతుంది, దొరికినదాన్ని కొరుకుతుంది. సరిగ్గా ఆ సమయంలో దాని ముందునుంచి పిల్లి పరిగెత్తితే ఆపడానికి ఎవరూ ఉండరు. అందుకే ఈ రెండు పాఠాలూ విడివిడిగా పూర్తయ్యేవరకు, మీరు ఇంట్లో లేని ప్రతి నిమిషం కొత్త కుక్కకీ మిగతావాటికీ మధ్య మూసిన తలుపో, దూకలేనంత ఎత్తు గేటో ఉండాలి. చెత్త పడేసి రావడానికి వెళ్ళినా సరే.

ఎంతకాలం అంటే, అన్నీ కలిసొస్తే నెల, చాలా ఇళ్ళలో మూడు నెలలు, కొన్ని జంతువుల జంటలకి ఎప్పటికీ. దత్తత ఇచ్చేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు: బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అని స్థిరపడడానికి మూడు నెలలు. అది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఒక సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటి వారం మూలన ముడుచుకుని పడుకున్న కుక్కని చూసి "ఎంత సాధువో" అనుకోవద్దు. బెరుకు పోయాక దాని అసలు స్వభావం బయటపడుతుంది. పిల్లిని తరమడం మూడో వారంలో మొదలుపెట్టే కుక్కలు చాలానే ఉంటాయి.

అన్నిటికన్నా ముందు ఆరోగ్యం

టీకాల కాగితాలు చేతిలో ఉన్నా సరే, వచ్చిన రెండు మూడు రోజుల్లోనే వెటర్నరీ డాక్టరుకి చూపించాలి. టీకాలు వేశారో లేదో తెలియని కుక్కపిల్లని ఇంట్లోని కుక్కతో 14 రోజులపాటు కలపకుండా ఉంచడం మంచిది. కుక్కపిల్లలకి ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ సోకితే లక్షణాలు బయటపడడానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఆ వైరస్ నేల మీద, గిన్నెల మీద, చెప్పుల అడుగున నెలల తరబడి ఉండిపోతుంది. నేల తుడిచే మామూలు ద్రావణాలు చాలావరకు దాన్ని చంపలేవు. మలం, వాంతి పూర్తిగా కడిగేశాక 1 వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు కలిపి, ఆ తడి కనీసం 10 నిమిషాలు ఆరకుండా ఉంచాలి. తామర, కడుపులో పురుగులు, గోమార్లు కొత్త కుక్కనుంచి మిగతావాటికి చాలా తేలిగ్గా అంటుకుంటాయి. ఈ రెండు వారాల ఎడం వాటిని కూడా కొంతవరకు ఆపుతుంది.

పిల్లి ఉన్న ఇంట్లో మరో ప్రమాదం ఉంది, చాలామందికి తెలియదు. గోమార్లు పోవడానికి కుక్క మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి అది హాని చేయదు. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. మందు వేసిన కుక్కని పిల్లి రాసుకున్నా, దాని ఒంటిని నాకినా వణుకు, మూర్ఛలు రావచ్చు, ప్రాణం పోవచ్చు. పిల్లి ఉన్న ఇంట్లో కుక్కకి ఆ మందు వాడకపోవడమే మేలు, డాక్టరుని అడిగితే పిల్లికి హాని లేనిది రాసిస్తారు. ఇప్పటికే వేసేసి ఉంటే 72 గంటలు రెంటినీ వేరువేరు గదుల్లో ఉంచండి. పిల్లి వణుకుతున్నట్టు కనిపిస్తే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

కుక్కకి ఒక చోటు

మీరు లేనప్పుడు కొత్త కుక్క ఉండే చోటు ముందే ఖాయం చేసుకోవాలి. క్రేట్ అనే చువ్వల పెట్టె, కంచెలా నిలబెట్టే పెన్, లేదా ఒక చిన్న గది. ఏది మంచిదన్నది కుక్కని బట్టి. అలవాటు చేస్తే క్రేట్ చాలా కుక్కలకి నచ్చుతుంది, కానీ ఆ అలవాటుకి సమయం పడుతుంది. మొదట తలుపు తీసే ఉంచి లోపల తిండి పెట్టాలి, అది తనంతట తాను లోపల పడుకోవడం మొదలెట్టాక కొన్ని సెకన్లు తలుపు మూయాలి, అలా నెమ్మదిగా పెంచాలి. లోపల తల తగలకుండా నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. పిల్లకి పెద్ద క్రేట్ కొంటే మధ్యలో అడ్డు పెట్టండి, లేదంటే ఒక మూల పడుకుని రెండో మూలని పాయఖానా చేసుకుంటుంది. చువ్వలు కొరకడం, గుమ్మాన్ని గోళ్ళతో గీరడం, చొంగతో మెడ కిందంతా తడిసిపోవడం చూస్తే క్రేట్ ఆపేయండి. అలాంటి కుక్క పళ్ళు విరగ్గొట్టుకుంటుంది. దానికి గది కావాలి.

క్రేట్‌లోకైనా పెన్‌లోకైనా పంపేముందు మెడ కాలర్, చెస్ట్ బెల్ట్ రెండూ తీసేయాలి. చువ్వకి కాలర్ తగులుకుని ఊపిరాడక చనిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

గుమ్మానికి పెట్టే గేట్లలో గోడకి ఒత్తిడితో బిగిసేవి, స్క్రూలతో బిగించేవి అని రెండు రకాలు. మొదటివి పసిపిల్లలున్న ఇళ్ళకి సరిపోతాయేమో గానీ, 20 కిలోల కుక్క రెండు కాళ్ళతో ఎగిరి గుద్దితే ఊడొచ్చేస్తాయి. స్క్రూలవే తీసుకోండి. 75 సెంటీమీటర్ల ఎత్తు చిన్న జాతులకి చాలు. మధ్యస్థం నుంచి పెద్ద కుక్కలకి మీటరు, ఇంకా చురుకైనవైతే ఒకదానిమీద ఒకటి రెండు గేట్లు. అడ్డ పట్టీలున్న గేటుని కుక్క మెట్లెక్కినట్టు ఎక్కేస్తుంది, నిలువు చువ్వలే మంచివి. చువ్వల మధ్య సందు కుక్కపిల్ల తల పట్టేంత ఉందేమో చూసుకోండి. పిల్లి రాకపోకలకి గేటుని నేలనుంచి 12, 15 సెంటీమీటర్లు పైకెత్తి బిగించే పద్ధతి బాగా పనిచేస్తుంది. కాకపోతే ఎదిగిన పెద్ద కుక్క ఉన్నప్పుడే. మూడు నెలల పిల్ల ఆ సందులోంచే పాక్కుంటూ వచ్చేస్తుంది.

గేటుకి అటొకటి ఇటొకటి నిలబడి అరుచుకుంటుంటే, గేటు పెట్టినందుకు వాటి కోపం తగ్గదు, పెరుగుతుంది. ఆ గేటుకి మందపాటి గుడ్డో అట్టో కట్టి చూపు తప్పించాలి. అదీ చాలకపోతే మూసిన తలుపే దారి. తలుపుకి కిందికి నొక్కే పిడి ఉంటే దాన్ని తెరవడం కొన్ని కుక్కలు ఒక్క రోజులో నేర్చేసుకుంటాయి, అలాంటి తలుపుకి గడియ కావాలి. గాలికి తెరుచుకునే తలుపుని మూసినట్టు లెక్కపెట్టకూడదు.

ఆ గదిలో నేలకి మీటరు ఎత్తు వరకు ఏమున్నా అది కుక్క నోటికి అందేదే అనుకోండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్ళు మారతాయి, చిగుళ్ళ సలుపుకి దొరికిందల్లా కొరుకుతుంది. కరెంటు వైర్లు, ఛార్జర్లు, మందుల డబ్బాలు, చెత్తబుట్ట, సాక్సులు, జుట్టు రబ్బరు బ్యాండ్లు, చిన్న బ్యాటరీలు, కుండీ మొక్కలు తీసేయాలి. పిల్లి ఆడుకునే దారాలు, ఈకల కర్రలు ప్రత్యేకంగా ఏరేయాలి. మింగిన దారం పేగుల్ని కుచ్చులా లాగేస్తుంది, ఆపరేషన్ తప్పదు. బోర్లా పడని బరువైన గిన్నెలో నీళ్ళు, ఒకటి పడినా ఇంకొకటి ఉండేలా రెండు చోట్ల. మధ్యాహ్నం ఎండ ఆ గదిలోకి ఎటునుంచి పడుతుందో కూడా ముందు రోజే చూసుకోండి.

ఎన్ని గంటలు?

ఎదుగుతున్న పిల్ల మూత్రం ఆపుకోగలిగే సమయం దాని వయసుని బట్టి ఉంటుంది. నెలల వయసుకి ఒకటి కలిపితే అన్ని గంటలు అని స్థూలమైన లెక్క. అంటే మూడు నెలల పిల్లకి నాలుగు గంటలు, అదీ గరిష్ఠం. ఆరు నెలల లోపు పిల్లని మూడు నాలుగు గంటలకొకసారి ఎవరో ఒకరు బయటికి తీసుకెళ్ళాలి. పెద్ద కుక్కనైనా ఆరు గంటలు దాటి వదలడం నాకు సమ్మతం కాదు. ఎనిమిది గంటలు ఆపుకోగలదు నిజమే, కానీ ఆపుకోగలగడం వేరు, హాయిగా ఉండడం వేరు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే ఉద్యోగమైతే మధ్యలో వచ్చి చూసే మనిషిని కుక్క రాకముందే మాట్లాడుకోవాలి. ఆ వచ్చే మనిషికి ఏ తలుపు ముందు తీయాలి, ఏది అసలు తీయకూడదు అన్నది కాగితం మీద రాసి తలుపుకే అంటించండి. జాగ్రత్తగా కట్టిన ఏర్పాటు ఎక్కువగా చెడేది ఈ అతిథి చేతుల్లోనే.

ఒంటరిగా ఉండడం నేర్పడం

ఈ పాఠానికి మిగతా జంతువులతో సంబంధం లేదు. ఇంట్లో ఇంకో కుక్క ఉంది కదా, దీనికి బెంగ ఉండదు అనుకోవడం పొరపాటు. బెంగ మనిషి కోసం. తోడు కుక్కతో అది తీరదు సరికదా, ఒక్కోసారి కొత్తదాని అరుపులు విని అంతవరకు నిశ్చింతగా నిద్రపోయే పాత కుక్క కూడా కంగారుపడడం మొదలెడుతుంది.

మొదలు ఇంట్లోనే. గేటు వేసి అవతల పక్కనే కూర్చోండి. తర్వాత చూపు తప్పే దూరానికి వెళ్ళి రండి. ఇంకోపక్క తాళాలు తీయడం, చెప్పులు వేసుకోవడం, సంచి భుజాన వేసుకోవడం లాంటివి ఎక్కడికీ వెళ్ళకుండానే రోజుకి కొన్నిసార్లు చేయండి. తాళాల చప్పుడుకే గుమ్మం దగ్గరికి ఉరికే కుక్కకి ఆ చప్పుడులో ఏమీ లేదని తెలియాలి. ఆ తర్వాత బయటి తలుపు. 5 సెకన్లు, 10, మళ్ళీ 5, 20, 40, 15, నిమిషం. ఎప్పుడూ పెంచుకుంటూ పోకుండా మధ్యమధ్య తేలికైనవి కలపాలి. ప్రతిసారీ కష్టమే పెరుగుతుంటే కుక్క కూడా దాన్ని పసిగడుతుంది.

కెమెరా లేకుండా ఈ పని చేయలేరు. ప్రత్యేకంగా కొనక్కర్లేదు, పాత ఫోనులో వీడియో కాల్ పెట్టి కుక్కకి అందని ఎత్తులో, తలుపూ పడకా రెండూ కనిపించేలా నిలబెడితే చాలు. బెంగ ఉన్న కుక్క చాలావరకు మీరు వెళ్ళిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది. ఆగకుండా తిరగడం, వేడి లేకపోయినా రొప్పడం, గుమ్మం దగ్గరే నిలబడి మూలగడం, చెక్క చట్రాన్ని గీరడం. ఊరికే తోచక అల్లరి చేసే కుక్క అలా ఉండదు, కాసేపు పడుకుని లేచి చెప్పు కొరికి మళ్ళీ పడుకుంటుంది. తేడా తెలుసుకోవడానికి సులువైన గుర్తు తిండి. లోపల తిండి కూరి ఫ్రీజర్లో గట్టిపరచిన రబ్బరు బొమ్మని ఇచ్చి వెళ్ళండి. మీరు వచ్చేదాకా ముట్టకుండా, రాగానే ఆబగా నాకడం మొదలెడితే అంతసేపూ అది భయంతో ఉన్నట్టు. వేరుశనగ వెన్న లాంటివి కూరేటప్పుడు డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవండి, ఆ తీపి పదార్థం కుక్కలకి విషం.

కంగారు గుర్తులు కనిపిస్తే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు అంతకుముందు ప్రశాంతంగా ఉన్న సమయంలో సగంతో మొదలుపెట్టండి. 30, 40 నిమిషాల దాకా అడుగులు చాలా చిన్నవిగా ఉంటాయి, ఓపిక పరీక్షించేది ఈ భాగమే. అది దాటాక 10, 15 నిమిషాల చొప్పున పెంచొచ్చు. గంటన్నర నిశ్చింతగా పడుకోగలిగిన కుక్క మూడు నాలుగు గంటలు కూడా చాలావరకు ఉండగలుగుతుంది. ఈ శిక్షణ సాగినన్నాళ్ళూ అది తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువసేపు నిజంగా వదిలి వెళ్ళకపోవడం ముఖ్యం. ఒక్క చెడ్డ మధ్యాహ్నం వారం రోజుల పనిని తుడిచేస్తుంది. సెలవులు, బంధువులు, ఇరుగుపొరుగు, ఎవరి సాయం దొరికితే వాళ్ళది తీసుకోండి.

ఇంటికొచ్చి చిందరవందర చూసి తిట్టకండి. గంట కిందట చేసిన పనికీ ఇప్పటి తిట్టుకీ ముడిపెట్టడం కుక్కకి చేతకాదు. చెవులు వెనక్కి వాల్చి తల దించుకోవడం తప్పు ఒప్పుకోవడం కాదు, మీ ముఖం చూసి భయపడడం. గోళ్ళూడేలా గీరుకునే, తనని తాను గాయపరచుకునే స్థితి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుతో మాట్లాడండి. క్లోమిప్రమిన్, ఫ్లుఆక్సెటిన్ లాంటి మందులు ఈ బెంగకి శిక్షణతోపాటు వాడతారు. అవి పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. మందు వాడితే కుక్క మొద్దుబారిపోతుందన్న భయంతో దాన్ని నెలల తరబడి బాధపడనివ్వడం న్యాయం కాదు.

పిల్లి

పిల్లికి మూడు కావాలి. కుక్క అడుగుపెట్టలేని గది, కుక్కకి అందని ఎత్తు, ఇరుక్కుపోని దారి. ఎత్తంటే కనీసం మీటరున్నర, అదీ ఒక్కచోట కాదు. అలమర మీదనుంచి కిటికీ గట్టు మీదికి, అక్కడినుంచి తన గదిలోకి నేల తాకకుండా వెళ్ళగలిగితే ఆ పిల్లికి ధైర్యం ఉంటుంది. ఒకటే దారున్న మూలన కూర్చునే అలవాటున్న పిల్లి పారిపోలేక తిరగబడుతుంది. కుక్కపిల్ల కంట్లో గోరు దిగితే కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) చిరగొచ్చు, ఉబ్బెత్తు కళ్ళ జాతులకి మరీను.

పిల్లి మలమూత్రాలకి పెట్టే లిట్టర్ ట్రే దాని గదిలోనే ఉండాలి. కుక్కలు పిల్లి మలాన్ని తింటాయి, చాలా ఇష్టంగా. ఆ ఇష్టంతో ట్రే దగ్గర కాపు కాసే కుక్క ఉంటే పిల్లి వెళ్ళడం మానేస్తుంది. మగ పిల్లుల్లో దిగులు, మూత్రం బిగబట్టడం కలిస్తే మూత్రనాళం మూసుకుపోయే ప్రమాదం ఉంది. ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అది గంటల్లో ప్రాణం మీదికొచ్చే స్థితి, తెల్లారేదాకా ఆగకూడదు. తిండి సంగతీ అంతే. కొత్త కుక్క వచ్చాక పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకి ఫోను చేయాలి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి అయితే. కొన్ని రోజుల ఉపవాసానికే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని దెబ్బతింటుంది. ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒకటి ఎక్కువ ట్రేలు పెట్టడం మంచి లెక్క.

పరిచయం వాసనతో మొదలవ్వాలి. పిల్లి పడుకున్న గుడ్డ కుక్క పక్కలో, కుక్కది పిల్లి గదిలో. తర్వాత మూసిన తలుపుకి అటూఇటూ తిండి గిన్నెలు, మొదట రెండేసి మీటర్ల దూరంలో, రోజురోజుకీ దగ్గరగా. రెండూ తలుపు పక్కనే నింపాదిగా తింటున్నాయంటే గేటు దగ్గర చూపుల పరిచయానికి వెళ్ళొచ్చు, కుక్క లీష్ (పట్టుకునే తాడు) మీ చేతిలో ఉండగా. ఇక్కడ చూడవలసింది ఒక్కటే. పిల్లిని చూసిన కుక్క, మీరు పిలిస్తే రెండు మూడు సెకన్లలో మీవైపు తిరుగుతోందా? తిరిగితే ముక్క తిండి పెట్టి మెచ్చుకోండి. కళ్ళార్పకుండా బిగుసుకుపోయి, నోరు మూసి, ఒక కాలు ఎత్తి చూస్తోందంటే, మొరగకపోయినా సరే, అది వేట చూపు. వెంటనే దూరం పెంచండి. మొరిగి గంతులేసే కుక్క కన్నా ఇలా నిశ్శబ్దంగా చూసే కుక్క విషయంలోనే నేను ఎక్కువ భయపడతాను.

కూర్చున్న పిల్లి దగ్గర నెమ్మదిగా ఉన్న కుక్క పరీక్ష నెగ్గినట్టు కాదు. పిల్లి పరిగెత్తాలి, అలమర మీదనుంచి దూకాలి, బొమ్మతో ఆడాలి. అప్పుడు కూడా కుక్క పడుకున్నచోటే ఉందా? ఇవన్నీ మీ కళ్ళముందు, లీష్ నేల మీద ఈడ్చుకుంటూ ఉండగా, అవసరమైతే కాలితో తొక్కి ఆపగలిగేలా చూడాలి. ఈ ఈడ్చే లీష్ మీరు గదిలో ఉన్నంతసేపే, వెళ్ళేటప్పుడు తప్పకుండా తీసేయాలి.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే

మొదటి కలయిక ఇంటి బయట, రెంటికీ కొత్తదైన చోట. ఐదారు మీటర్ల ఎడంతో ఒకే దిక్కుకి నడిపిస్తూ మెల్లగా దగ్గరికి రానివ్వండి. ఎదురెదురుగా ముఖాలు తగిలేలా నిలబెట్టొద్దు.

ఆడుకుంటున్నాయా, ఒకటి ఇంకోదాన్ని సతాయిస్తోందా అన్నది తెలియకపోతే తరుముతున్నదాన్ని పట్టుకుని ఆపండి. రెండోది మళ్ళీ దగ్గరికొచ్చి రెచ్చగొడితే అది ఆట. దులపరించుకుని పక్కకి వెళ్ళిపోతే దానికి ఇష్టం లేదన్నమాట. కీళ్ళ నొప్పులున్న ముసలి కుక్కకి కుక్కపిల్ల దాటలేని గది ఒకటి రోజూ కొన్ని గంటలు దక్కాలి. అది గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని నోరు మూయిస్తే ఈసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

మనిషి లేనప్పుడు గొడవలు ఎక్కువగా తిండి గిన్నె దగ్గరే వస్తాయనుకుంటాం. పడక, కిటికీ దగ్గర చోటు, సన్నటి నడవా, సోఫా కిందికి దొర్లిపోయిన పాత ఎముక ముక్క, ఇవి కూడా కారణాలే. కలిపి వదిలే రోజు వస్తే ఆ గదిలో తినేవి, నమిలేవి ఏమీ ఉండకూడదు. విడివిడి గదుల్లో అయితే నిశ్చింతగా ఇవ్వొచ్చు. రెండూ ఆడుకునేటప్పుడు ఒకదాని కాలర్లో ఇంకోదాని కింది దవడ ఇరుక్కుంటుంది, భయంతో మెలితిరిగేకొద్దీ కాలర్ బిగుసుకుంటుంది. మనిషి ఉంటే కోసి విడదీయగలం, లేకపోతే ఏమీ చేయలేం. అందుకే కలిసి ఉండే కుక్కలకి ఇంట్లో కాలర్ వద్దు.

30 కిలోల కుక్కనీ 4 కిలోల కుక్కనీ ఎంత స్నేహంగా ఉన్నా మనిషి లేకుండా కలిపి ఉంచకండి. పరిగెత్తే చిన్న కుక్క కీచుమంటే పెద్దదానిలో వేట బుద్ధి ఒక్క క్షణంలో మేలుకోవచ్చు, ఒక్క విదిలింపు చాలు. ఆపరేషన్ చేయించని ఆడా మగా అయితే ఆరో నెల నుంచే జాగ్రత్త పడాలి. ఎద దాదాపు మూడు వారాలుంటుంది, గేటు మీదుగా కూడా పని జరిగిపోతుంది కాబట్టి రెండు మూసిన తలుపుల ఎడం కావాలి.

కుందేళ్ళు, పక్షులు, చేపలు

వీటి విషయంలో ఏ మినహాయింపూ లేదు. బోను ఉంది కదా అనుకోవద్దు. కుక్క బోనుని పడేస్తుంది, పడేయకపోయినా దాని చుట్టూ తిరుగుతూ మూచూస్తుంటేనే కుందేలు భయంతో తినడం మానేస్తుంది. 10, 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉన్న కుందేలుకి పేగులు ఆగిపోయినట్టే, అది అత్యవసరం. గినీపిగ్‌లకీ ఇదే వర్తిస్తుంది. గడియ పడే గట్టి తలుపున్న వేరే గది, వీలైతే కుక్క గదికి దూరంగా. పక్షి పంజరం పైనుంచి వేలాడుతున్నా తలుపు మూసే ఉండాలి. పక్షికి కుక్క పన్ను గానీ పిల్లి గోరు గానీ తగిలితే గాయం కనపడకపోయినా అదే రోజు డాక్టరుకి చూపించాలి, వాటి నోటి బాక్టీరియా పక్షిని రోజు రెండు రోజుల్లో చంపేయగలదు. తాబేలు డిప్ప కుక్కకి నమిలే ఎముకలాగే కనిపిస్తుంది. చేపల తొట్టికి గట్టి మూత, కదలని బల్ల, వైర్లన్నీ తొట్టి వెనక గొట్టంలో ఉంటే చాలు.

బయల్దేరే గంట

బయల్దేరడానికి గంట ముందు నడకకి తీసుకెళ్ళి, తోచినచోటల్లా వాసన చూడనివ్వండి. వాసన చూడడం కూడా కుక్కని బాగా అలసిపోయేలా చేస్తుంది. బంతి విసిరి విసిరి ఉద్రేకం పెంచి, ఆ రొప్పు తగ్గకముందే తలుపు వేసి వెళ్ళడం మంచిది కాదు. తిండి, మూత్రం, తర్వాత పావుగంట ఊరికే పడుకోనివ్వడం. కాలర్ తీసి, బొమ్మ ఇచ్చి, గేటు గడియ పడ్డాక చేత్తో గట్టిగా లాగి చూడండి. చివరగా జంతువుల్ని లెక్కపెట్టండి, ప్రతిదాన్నీ కంటితో చూసి. కుక్క గదిలో మంచం కింద నిద్రపోతున్న పిల్లిని చూడకుండా తలుపు వేసి వెళ్ళడం ఎంత జాగ్రత్తపరుల ఇంట్లోనైనా జరగగల పొరపాటు.

తిరిగొచ్చాక అన్ని తలుపులూ ఒకేసారి తీయకండి. ముందు కుక్కపిల్లని నేరుగా బయటికి. ఆ తర్వాత పిల్లిని పలకరించి, గుమ్మం దగ్గరి సందడి చల్లారాక ఒక్కొక్కటిగా కలపండి. కుక్కలు పోట్లాడుకునే సందర్భాల్లో యజమాని ఇంటికొచ్చిన మొదటి నిమిషాలు ముఖ్యమైనవి. ఎప్పుడైనా పోట్లాట మొదలైతే మధ్యలో చేతులు పెట్టొద్దు, మెడలు పట్టి లాగొద్దు. పెద్ద అట్టముక్కో చెక్కో వాటి మధ్యకి తోసి చూపు తప్పించండి, లేదా దుప్పటి కప్పండి. గుమ్మం పక్కనే అలాంటి అట్ట ఒకటి ఎప్పుడూ ఉంచుకోవడం మంచిది.

గేటు తీసేది ఎప్పుడు

కొత్త కుక్క ఒంటరిగా మూడు గంటలు నిశ్చింతగా ఉండగలగాలి. మీ కళ్ళముందు నెల రోజులపాటు తరమడం, కాపు కాయడం, బిగుసుకుపోయి చూడడం ఒక్కసారి కూడా లేకుండా గడవాలి. పిల్లి నేల మీద నడుస్తూ, కుక్క ముందునుంచి వెళ్ళి తిండి తింటుండాలి. ఈ మూడూ కుదిరాక కెమెరా పెట్టి పక్క గదిలో ఐదు నిమిషాలు కూర్చోండి. స్నానానికి వెళ్ళి రండి. తలుపు బయట రెండు నిమిషాలు, పది, అరగంట. ప్రతిసారీ రికార్డయిన వీడియో మొత్తం చూడండి, ఇంటికొచ్చేసరికి అందరూ పడుకునే ఉన్నారు కదా అని సరిపెట్టుకోకండి. ఒక్కసారి తరిమినా మళ్ళీ గేటు, కనీసం రెండు వారాలు.

అన్నీ బాగున్నా 8 నుంచి 14 నెలల మధ్య ఒకసారి మొదటికి వచ్చినట్టు అనిపించొచ్చు. ఆ వయసులో మాట వినడం తగ్గుతుంది, అంతవరకు లేని పట్టుదలలు పుడతాయి. ఏడాదిన్నర, రెండేళ్ళకి గానీ కుక్క మానసికంగా పూర్తిగా ఎదగదు. ఆ నెలల్లో గేటుని అటకెక్కించకుండా గుమ్మానికే ఉంచి, అనుమానం వచ్చిన రోజున వేసేయండి. కుందేలూ కుక్కా, బాగా చిన్నదీ బాగా పెద్దదీ, ఒకసారి రక్తం వచ్చేలా కరుచుకున్న రెండు కుక్కలూ, పిల్లి కదిలితే చాలు లేచి నిలబడే కుక్కా ఉన్న ఇంట్లో మాత్రం మీరు బయటికి వెళ్ళిన ప్రతిసారీ తలుపు వేయవలసిందే. రోజూ అదే వేళకి, అదే గదిలోకి, అదే బొమ్మతో పంపితే కొన్ని వారాలకి మీరు చెప్పులు వేసుకోగానే ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి పడుకుంటారు.